శ్రావణ పంచమి జులై 22న అని మెసేజ్ పంపింది నేనే

తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర మాకు రెండు గదుల ఆఫీసు ఉంది. నేనూ, నాకు తోడు ఇంకో కుర్రాడూ. హోటళ్లకు బిల్లింగ్, స్కూళ్లకు ఫీజుల లెక్కలు, ఇలాంటి చిన్నచిన్న సాఫ్ట్‌వేర్లు రాసిచ్చి నెట్టుకొస్తుంటాం. 2022 చివర్లో చిత్తూరు వైపు ఒక చిన్న గుడివాళ్లు పిలిచారు. శాశ్వత పూజల రిజిస్టరు కంప్యూటర్లోకి ఎక్కించి, పూజకు పది రోజుల ముందు భక్తులకు మెసేజ్ వెళ్లేలా చేయాలి, అంతే పని. శాశ్వత పూజ అంటే తెలుసుగా, ఒకసారి డబ్బు కడితే దాని వడ్డీతో ఏటా వాళ్ల పేరు మీద ఆ రోజున అర్చనో అన్నదానమో చేస్తారు. పాతికవేలు చెప్పాను, ఇరవైకి ఒప్పుకున్నారు, వారం రోజుల పని అనుకున్నాను. మూడేళ్లు దాటింది, ఇంకా అందులోనే తల దూర్చి ఉన్నాను.

రిజిస్టరు అంటే మూడు లావుపాటి పుస్తకాలు. మొదటిది 1978లో మొదలైంది. మొత్తం 1,412 పేర్లు. ఒక్కో పేరు ఎదుట "పూజ చేయవలసిన రోజు" అని ఒక గడి. ఆ గడిలో ఏముందో చూడకుండానే ధర చెప్పేశాను, అదీ నా తెలివి. కొందరు పెళ్లిరోజు ఫిబ్రవరి 11 అని ఇంగ్లీషు తేదీ రాయించారు, వాళ్లతో గొడవే లేదు. మిగతావి ఇలా ఉన్నాయి: "కాళయుక్తి మాఘ బ. తదియ". "శ్రావణ శు. పంచమి". "నాయన తిథి, పుష్య అమావాస్య". "తై నెల పుష్యమి నక్షత్రం". ఒకచోట ఊరికే "ముక్కోటి" అని రాసి వదిలేశారు.

గుమాస్తా దగ్గర ఆ ఏడాది, అంటే శుభకృత్ సంవత్సరానికి, పంచాంగం చూసి ఇంగ్లీషు తేదీలతో రాసుకున్న జాబితా ఒకటి దొరికింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. టేబుల్లో ఒక డేట్ కాలమ్ పెట్టి మొత్తం ఎక్కించేశాను. మరి వచ్చే ఏడాదికి? చాంద్రమాన సంవత్సరం 354 రోజులు, ఇంగ్లీషు ఏడాది కన్నా పదకొండు తక్కువ, కాబట్టి పోయినేడు తేదీలోంచి పదకొండు తీసేస్తే సరిపోతుందనుకున్నాను. ఒక్క లైను క్వెరీ, అంటే డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశం. రాసి తెగ మురిసిపోయాను.

2023 ఉగాది నుంచి జులై దాకా అంతా బాగానే నడిచింది. అంటే నడిచిందని నేననుకున్నాను. అటూ ఇటూ ఒక రోజు తేడా వచ్చిన చోటల్లా గుమాస్తా పెన్నుతో దిద్దుకుని భక్తులకు ఫోన్ చేసి చెప్పేవారట, "పిల్లోడు కష్టపడి చేసినాడు, ఎందుకులే" అని నాకు చెప్పలేదు. చెప్పుంటే బాగుండేది.

జులై 22, శనివారం. ప్రింటర్ పనిచేయట్లేదంటే నేనూ ఆ రోజు గుడిలోనే ఉన్నాను. పలమనేరు నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య, తెల్లవారుజామున బస్సెక్కి వచ్చారు. చేతిసంచిలో కొబ్బరికాయలు, అరటిపళ్లు, ఒక స్టీలు డబ్బాలో చిమ్మిలి. శ్రావణ శుద్ధ పంచమికి వాళ్ల పూజ. అర్చకస్వామి వాళ్లను చూసి, "ఇది అధిక శ్రావణం నాయనా, నిజ శ్రావణం ఇంకా నెల రోజులుంది, మీ పంచమి ఆగస్టు 21న కదా" అన్నారు. ఆ పెద్దాయన ఏమీ అనకుండా జేబులోంచి బటన్ ఫోన్ తీసి, కళ్లజోడు పెట్టుకుని, మెసేజ్ వెతికి, ఫోన్‌ని స్వామి ముఖం ముందు పెట్టాడు. "మీరే కదా సామీ పంపించినారు." స్వామి నా వైపు చూశారు. నేను ప్రింటర్ వైపు చూశాను.

ఏం జరిగిందంటే, 2022లో ఆ పంచమి ఆగస్టు 2న వచ్చింది. పదకొండు తీసేస్తే జులై 22. కానీ 2023లో జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం. తిరుపతిలో పుట్టి పెరిగినవాణ్ణి, అధికమాసం వచ్చిన ఏడాది శ్రీవారికి రెండు బ్రహ్మోత్సవాలు జరుగుతాయని, ఒకటి సాలకట్ల, ఇంకోటి నవరాత్రి అని చిన్నప్పటి నుంచీ తెలుసు. ట్రాఫిక్ ఎక్కడెక్కడ ఆపుతారో కూడా తెలుసు. అది నా క్వెరీలోకి మాత్రం రాలేదు. చాంద్రమాన నెల మొత్తంలో సూర్యుడు రాశి మారకపోతే, అంటే సంక్రాంతి పడకపోతే, ఆ నెల అధికం. పందొమ్మిదేళ్లలో ఏడుసార్లు వస్తుంది. అందుకే ఉగాది 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, మళ్లీ ఈ ఏడాది, అంటే 2026లో, మార్చి 19. వెనక్కి వెనక్కి జరుగుతూ ఉన్నట్టుండి ఒక్క గెంతు ముందుకు వేస్తుంది.

ఆ పూజ స్వామి ఆ రోజు కూడా చేశారు, ఆగస్టులో ఇంకోసారి చేశారు. చిమ్మిలి నాకూ పెట్టారు. గొంతు దిగలేదు.

ఆఫీసుకు వచ్చాక మొదట చేసిన పని, తిథిని తేదీగా మార్చే పని ఎవరైనా చేసిపెట్టి ఉంటారేమోనని వెతకడం. ఉన్నాయి, మనకు పనికొచ్చేవి లేవు. ఒరాకిల్ అనే డేటాబేస్‌లో క్యాలెండర్ మార్చే సెట్టింగ్ ఉంది, అందులో హిజ్రీ, పర్షియన్, జపాన్ చక్రవర్తుల లెక్క, థాయ్ బౌద్ధ సంవత్సరం ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తేదీని అక్షరాల్లోకి మార్చేటప్పుడు 130, 131 అని స్టైల్ నంబర్లిస్తే హిజ్రీలో చూపిస్తుంది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లు ఇంగ్లీషు క్యాలెండర్ దాటి వెళ్లవు. జావాస్క్రిప్ట్‌లో మాత్రం "ఇండియన్" అని ఒక క్యాలెండర్ కనిపించింది. ఆశగా 2024 ఏప్రిల్ 9 ఇచ్చి చూశాను. ఉగాది కదా, చైత్ర పాడ్యమి రావాలి. చైత్రం 20, 1946 అని వచ్చింది. కాసేపు నేనేదో తప్పు చేశాననుకున్నాను. తర్వాత అర్థమైంది, అది 1957 మార్చి 22న ప్రభుత్వం అమల్లోకి తెచ్చిన జాతీయ శక క్యాలెండర్. నెలల పేర్లు మనవే, లెక్క మాత్రం పూర్తిగా సూర్యుడిది, చంద్రుడితో సంబంధమే లేదు. ఆకాశవాణిలో వినే తేదీ. పేరు చూసి మోసపోకండి.

అసలు హిజ్రీకో పర్షియన్‌కో సపోర్టు ఇవ్వడం సులువెందుకంటే, డేటాబేస్ లోపల తేదీ అనేది ఒక అంకె. పోస్ట్‌గ్రెస్ అయితే 2000 జనవరి 1 నుంచి ఎన్ని రోజులైందో దాచుకుంటుంది. ఆ అంకెకు ఏ క్యాలెండర్ చొక్కా తొడిగినా ఒక రోజుకు ఒక తేదీ, ఒక తేదీకి ఒక రోజు. మన తిథి అలా కుదరదు. చంద్రుడు సూర్యుడికి పన్నెండు డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి, దానికి పట్టే కాలం సుమారు 19 గంటల నుంచి 26 గంటలకు పైగా మారుతుంటుంది. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకు ఆ పేరు. ఒక్కో తిథి రెండు సూర్యోదయాలకు ఉంటుంది, ఒక్కోటి ఒక్క సూర్యోదయాన్నీ తాకకుండా మధ్యలోనే పుట్టి మధ్యలోనే పోతుంది.

ఇది చదివి తెలుసుకున్నానంటే అబద్ధం. దెబ్బ తిని తెలుసుకున్నాను. రెండో ప్రయత్నంలో పోస్ట్‌గ్రెస్‌కు మారి, రోజుకో రో (వరుస) చొప్పున పంచాంగం టేబుల్ పెట్టాను: తేదీ, సూర్యోదయం, అప్పటి మాసం, అధికమా కాదా, తిథి, నక్షత్రం. భక్తుల టేబుల్లో మాసం, తిథి నంబర్లు. రెంటినీ జాయిన్ చేస్తే, అంటే మాసం, తిథి కలిసిన వరుసలను జతచేస్తే, ఏడాది జాబితా వచ్చేస్తుంది. వచ్చింది కూడా. అందులో పేర్లు 1,380 చిల్లర. మిగతావాళ్లేరి? వాళ్ల తిథి ఆ ఏడాది క్షయం, ఏ రోజు సూర్యోదయానికీ లేదు కాబట్టి జాయిన్‌లో దేనికీ తగల్లేదు, ఎర్రర్ లేకుండా చప్పుడు చేయకుండా జారిపోయారు. ఇంకొందరికి రెండేసి తేదీలు. రెండూ కలిసి మొత్తం దాదాపు సరిపోయేసరికి మొదట నేను గమనించనే లేదు, పేర్లు విడిగా లెక్కపెడితే బయటపడింది. డబ్బు కట్టిన మనిషి ఎర్రర్ కూడా రాకుండా మాయమవడం, నా వరకు, మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా భయపెట్టిన సంగతి.

అప్పుడు రోజువారీ టేబుల్ పక్కన పడేసి తిథి వ్యవధుల టేబుల్ పెట్టాను. ఒక్కో తిథికి ఒక రో, మొదలు, ముగింపు. ఏడాదికి దాదాపు 371 రోలు. పోస్ట్‌గ్రెస్‌లో కాలవ్యవధిని ఒకే కాలమ్‌లో పెట్టుకునే రేంజ్ టైపు ఉంది. రెండు వ్యవధులు ఒకదాని మీద ఒకటి పడకుండా ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ పెట్టొచ్చు. చేత్తో ఎక్కించేటప్పుడు ఆ కన్‌స్ట్రెయింట్ నన్ను నాలుగుసార్లు కాపాడింది. ఇక క్షయ తిథికీ ఒక రో ఉంటుంది, మనిషి మాయమవడు. ఏ రోజున చేయాలన్నది వేరే ప్రశ్న, దానికి వేరే జవాబు.

లెక్కలకు స్విస్ ఎఫిమెరిస్ అనే లైబ్రరీ వాడాను, సూర్యచంద్రులు ఎప్పుడు ఎక్కడున్నారో చెప్పే రెడీమేడ్ కోడ్ అది, పైథాన్ నుంచి. లైసెన్స్ ఏజీపీఎల్ (మన కోడ్ కూడా బయటపెట్టాల్సి వచ్చే షరతులున్నది), కోడ్ అమ్ముకోవాలనుకునేవాళ్లు ముందు అది చదువుకోండి. మొదటి రోజు తిథులన్నీ ఐదున్నర గంటలు తేడాగా వచ్చాయి. ఐదున్నర అనగానే మీకు వెలిగి ఉంటుంది, నాకు ఒక పూట పట్టింది. అది అంతర్జాతీయ సమయం అడుగుతుంటే నేను మన టైము ఇస్తున్నాను. ఇంకో విషయం, తిథికి అయనాంశతో (రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో చెప్పే సవరణ) పని లేదు, సూర్యచంద్రుల మధ్య దూరమే కదా కావాల్సింది, తీసివేతలో కొట్టుకుపోతుంది. నక్షత్రానికి, సంక్రాంతికి మాత్రం కావాలి, సంక్రాంతి జరిగితే మాసం పేరే మారిపోవచ్చు. లాహిరి అయనాంశ పెట్టాను.

తర్వాత టీటీడీ పంచాంగం ముందేసుకుని కుర్రాడు చదువుతుంటే నేను టిక్కులు పెట్టాను. చాలావరకు ఒకటి రెండు నిమిషాల తేడాతో సరిపోయాయి. సూర్యోదయం మాత్రం మూడు నాలుగు నిమిషాలు అటూ ఇటూ. కారణం చెబితే నవ్వుతారు, సూర్యోదయం అంటే ఏమిటన్న దగ్గరే తేడా ఉంది. మామూలు లెక్కలో సూర్యుడి పై అంచు కనిపించగానే ఉదయం, గాలిలో వెలుగు వంగడం కూడా కలుపుకుంటారు. మన సంప్రదాయ లెక్కలో సూర్యబింబం నడిమి భాగం, వంగడం లేకుండా. ఆ లైబ్రరీలో దీనికోసం విడిగా ఒక ఫ్లాగ్, అంటే సెట్టింగ్, ఉంది. మూడు నిమిషాలే కదా అనుకోవద్దు, తిథి సరిగ్గా ఆ మూడు నిమిషాల్లో ముగిస్తే రోజే మారుతుంది.

ఇదంతా అయ్యాక హమ్మయ్య అనుకుంటుండగా చిత్తూరు నుంచి ఒకావిడ గుడికి ఫోన్ చేసింది. "మా నాయన తద్దినం ఇంట్లో నిన్ననే పెట్టినాం, మీరు అన్నదానం ఈ పొద్దు చేస్తాండారేంది?" సూర్యోదయ తిథి ప్రకారం మా జాబితా సరైనదే. కానీ ఆబ్దికానికి సూర్యోదయం చూడరు, అపరాహ్ణంలో తిథి ఉండాలి. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం, ఆరు నుంచి ఆరు పగలు అనుకుంటే మధ్యాహ్నం 1:12 నుంచి 3:36 దాకా. వినాయక చవితికి మధ్యాహ్నం, దీపావళికి ప్రదోషం, శివరాత్రికి అర్ధరాత్రి. స్వామి ఇవన్నీ చెబుతూ పోతుంటే నేను కాగితం మీద గీతలు గీసుకుంటూ, "స్వామీ, ఇది ముందే చెప్పొచ్చు కదా" అన్నాను. "నువ్వు అడిగితే కదా నాయనా. నువ్వు తేదీ అడిగినావు, తేదీ చెప్పినాం."

ఆ మాట దగ్గరే నాకు మొత్తం డిజైన్ తిరగబడింది. అంతదాకా రిజిస్టర్లోని ఆ గడిని తేదీ అనుకుంటూ వచ్చాను. భక్తుడు మనకిచ్చింది ఒక ఏర్పాటు, ఏ లెక్క, ఏ మాసం, ఏ తిథి, రోజులో ఏ వేళకు అని. దాన్నుంచి ఏటా ఒక తేదీ పుడుతుంది. కాబట్టి నమోదు టేబుల్లో ఇంగ్లీషు తేదీ కాలమే తీసేశాను. అందులో ఉన్నవి: చాంద్రమానమా సౌరమానమా ఇంగ్లీషా, మాసం నంబరు, 1 నుంచి 30 దాకా తిథి నంబరు, లేదా నక్షత్రం, ఏ వేళ చూడాలి. వీటన్నిటి పక్కన రిజిస్టర్లో ఉన్నది ఉన్నట్టు, తప్పులతో సహా, ఒక టెక్స్ట్ కాలమ్. ఆ టెక్స్ట్ కాలమ్ ఎన్నిసార్లు అక్కరకొచ్చిందో చెప్పలేను. ఆశ్వయుజం, ఆశ్వీజం రెండూ ఒకటే అని నాకు తెలుసు, కానీ "శు. 3" అని రాసిన చోట అది శుద్ధమా శుక్రవారమా అని మళ్లీ పుస్తకం తెరవాల్సి వచ్చింది.

మా తిరుపతి, చిత్తూరు వైపు ఇంకో చిక్కు. తమిళం మాట్లాడే కుటుంబాలు చాలా. వాళ్ల నెలలు సౌరమానం, రోజు నక్షత్రం. ఆడి నెల కృత్తిక, తై నెల పుష్యమి. నక్షత్రాలు ఇరవై ఏడు రోజుల చిల్లరకు ఒక చుట్టు తిరిగొస్తాయి, సౌరమాసం ముప్పై రెండు రోజుల దాకా ఉంటుంది, కాబట్టి ఒకే నెలలో ఒకే నక్షత్రం రెండుసార్లు పడొచ్చు. రెండొస్తే రెండోది తీసుకోమన్నారు మా స్వామి. ఇంకో గుడిలో ఇంకోలా చెప్పొచ్చు, అందుకే అదీ ఒక కాలమ్.

సంవత్సరాల పేర్ల సంగతి. కాళయుక్తి అంటే 1978-79, అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే పేరు, రిజిస్టరు వయసు అంతకన్నా తక్కువ కాబట్టి బతికిపోయాం. అయినా పేరుకు ఒక ఇంగ్లీషు సంవత్సరం అని టేబుల్ కట్టి మాఘాన్ని 1978లో వేశాను. మాఘం వచ్చేసరికి ఫిబ్రవరి, అంటే 1979. పేర్లు టైపు చేసేటప్పుడు మరీ జాగ్రత్త: క్రోధి 2024లో మొదలైంది, క్రోధన 1985లో. విరోధి 2009, విరోధికృత్ 1971. శుభకృత్, శోభకృత్ పక్కపక్కనే. డ్రాప్‌డౌన్‌లో పెట్టినా మా కుర్రాడు రెండుసార్లు తప్పు నొక్కాడు.

ముక్కోటి దగ్గర డేటాబేసే నన్ను తిట్టింది. ఒక ఉత్సవం ఇంగ్లీషు ఏడాదికి ఒక్కసారే అని యూనిక్ కీ (అదే నమోదు రెండోసారి పడనివ్వని కట్టడి) పెట్టాను, చూడ్డానికి ఎంత న్యాయంగా ఉందో కదా. 2023లో వైకుంఠ ఏకాదశి జనవరి 2న వచ్చింది, డిసెంబర్ 23న మళ్లీ వచ్చింది. డూప్లికేట్ కీ ఎర్రర్. 2024లో అసలు రాలేదు, ఆ తర్వాతది 2025 జనవరి 10న. అది ధనుర్మాసంలో పడాలి కాబట్టి డిసెంబరు, జనవరి మధ్య ఊగుతూ ఉంటుంది. కీలో ఇంగ్లీషు ఏడాది తీసి ఉగాదితో మొదలయ్యే సంవత్సరం నంబరు పెట్టాక సర్దుకుంది.

శివరాత్రి మాత్రం తమాషా. సర్వర్ టైమ్‌జోన్ అంతర్జాతీయ సమయంలో ఉండిపోయింది, ఐదున్నర గంటల దెబ్బ ఒకసారి తిన్నాను కదా అని జాగ్రత్తగా మన టైముకు మార్చాను. మార్చక ముందు 2025 శివరాత్రి ఫిబ్రవరి 26 అని సరిగ్గా చూపిస్తున్నది మార్చాక 27 అని చూపించడం మొదలుపెట్టింది. తిరుపతిలో రాత్రి నడిమి భాగం పన్నెండున్నరకు కాస్త ముందు పడుతుంది, అప్పటికి ఇంగ్లీషు తేదీ మారిపోయింది కదా. మనకైతే మళ్లీ సూర్యోదయం అయ్యేదాకా నిన్నటి రోజే. అంటే అంతదాకా ఒక తప్పు ఇంకో తప్పును కప్పెట్టి సరైన జవాబు ఇస్తోంది. సూర్యోదయం నుంచి సూర్యోదయానికి రోజు లెక్కగట్టే ఫంక్షన్ ఒకటి రాసి, తేదీ అవసరమైన ప్రతిచోటా అదే పిలిచాను.

ఇన్ని చేసినా చివరి మాట కంప్యూటర్‌ది కాదు. పాత సిద్ధాంత గ్రంథాల లెక్కతో వేసే పూర్వ పద్ధతి పంచాంగానికీ, ఆకాశంలో కనిపించే స్థానాలతో వేసే దృక్ పంచాంగానికీ తిథి ముగింపులు గంటల్లో తేడా వస్తాయి, గుడి ఏది పాటిస్తే అదే లెక్క. అందుకని "నిర్ణయాలు" అని ఒక టేబుల్ పెట్టాను. నమోదు, సంవత్సరం, లెక్కలో వచ్చిన తేదీ, స్వామి ఖాయం చేసిన తేదీ, ఎందుకు మార్చారో ఒక ముక్క. ఖాయం గడి ఖాళీగా ఉంటే మెసేజ్ కదలదు. ఒకసారి ఖాయమైన తేదీని, తర్వాత నేను లైబ్రరీ మార్చినా ఫ్లాగు మార్చినా, ప్రోగ్రామ్ ముట్టుకోదు. పోయినేడు ఏ రోజు చేశారో భక్తుడు అడిగితే చెప్పాల్సింది జరిగిన తేదీ, ఇప్పుడు లెక్కేస్తే వచ్చేది కాదు.

ఇంకో మెలిక మిగిలే ఉంది. 2023 అధిక శ్రావణంలోనే కొందరు కొత్తగా డబ్బు కట్టి, ఆ రోజు తిథే రాయించారు: "అధిక శ్రావణ శు. దశమి". అక్షరాలా తీసుకుంటే మళ్లీ అధిక శ్రావణం వచ్చేదాకా వాళ్లకు పూజ లేదు, 2023కు ముందుది వచ్చింది 2004లో. మామూలు శ్రావణంలో చేస్తామని స్వామి అందరికీ ఫోన్లో చెప్పారు. రిజిస్టర్ టెక్స్ట్ మాత్రం అలాగే ఉంచాను. అమెరికా నుంచి ఒకాయన తన ఊరి సూర్యోదయం ప్రకారం మెసేజ్ పంపమంటున్నాడు. పూజ జరిగేది ఇక్కడ కదన్నా అని ఇప్పటికి తప్పించుకున్నాను.

ఈ ఏడాది పరాభవలో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. కొత్త డిజైన్ వచ్చాక ఇదే మొదటి అధికమాసం. జ్యేష్ఠంలో పూజలున్నవాళ్లు తొంభై ఆరు మంది, అందరి తేదీలూ జూన్ 16 తర్వాతే పడ్డాయి. మొన్న స్వామి ఫోన్ చేసి, "ఏం నాయనా, మే నెలలో ఎవరన్నా సంచులేసుకుని వస్తారా?" అన్నారు. "ఎవరూ రారు స్వామీ, రెండుసార్లు చూశాను" అన్నాను. సరేలే అని, ఎందుకైనా మంచిది ఆ తొంభై ఆరు పేర్లూ ప్రింట్ తీసుకుని రమ్మన్నారు, పెన్ను ఆయన దగ్గరే ఉందట.